రెండు చంకల కింద గాలి

ముందు ఎడమది. ఎప్పుడూ ఎడమ సిలిండరే ముందు, ఎందుకని అడిగితే సోమేశ్వర్ సారు చెప్పడు, చెప్పులు ఏ కాలికి ముందు తొడుగుతవో ఎవరన్న అడిగిన్రా నిన్ను, అంటాడు, అందుకని నేనూ అడగడం మానేసి ఎడమదాన్ని బండమెట్టు మీద నిలబెట్టి దాని పక్కన కూర్చున్నాను. వీపు మీదుగా వచ్చే సైకిల్ ట్యూబు ముక్కను దాని మెడకు తగిలించాలి, అడుగున ఉన్న ఇత్తడి కొక్కేన్ని నడుము పట్టీ కడియానికి వేయాలి, అప్పుడు సిలిండర్ చంక కింద పక్కటెముకలకు ఆనుకుని పడుకుంటుంది, వాల్వు మాత్రం చంకలోంచి ముందుకు తొంగిచూస్తుంది, ఎత్తుకున్న మేకపిల్ల తల బయటపెట్టినట్టు. తగిలించాను. బిగించాను. ఇంకా తొమ్మిది కాలేదు, మే నెల ఎండకు ఇనుము అప్పుడే కాలుతోంది, ఒంటికి తగిలితే చురుక్కుమంటోంది, అయినా ఈ బరువు నాకు బాగుంటుంది, పెళ్లినాటి షేర్వానీ కూడా నా ఒంటికి ఇంత సరిగ్గా కూర్చోలేదు. పైన గని అంచున మా నలభై ఇళ్ల జనం వరసగా నిలబడి చూస్తున్నారు. కింద ఈ చివరి మెట్టు మీద మేం ముగ్గురమే, నేను, సారు, తాడు పట్టుకునే చంద్రవ్వ.

ముప్ఫై ఏళ్లుగా బండలు ఎత్తిన చేతులు చంద్రవ్వవి. తాడు ఆమెకే ఇవ్వాలని సారు పట్టుబట్టాడు, మగవాళ్లు పట్టుకుంటే మధ్యలో బీడీ ముట్టించుకుంటారని ఆయన భయం. ఒకసారి గుంజితే బాగున్నానని, రెండుసార్లు గుంజితే ఇంకా వదలమని, మూడుసార్లు గుంజితే నన్ను బయటికి లాగెయ్యమని. ఆ మూడింటినీ పొద్దున్నుంచీ పెదాల మధ్య నములుతూనే ఉంది ఆమె. "మూడు గుంజితివా, ఇగ నేను ఆగ కొడుకా. తోలు లేచినా సరే, బండ అడ్డమొచ్చినా సరే, గుంజుడే," అని ఇందాక హెచ్చరించింది కూడా. నీళ్లకు బెత్తెడు పైన ఉన్న మెట్టు మీద పాదాలు ఆనించి, కొంగు నడుముకు దోపి కూర్చుంది. ఆమె చేతిలో తాడుంటే నాకు ఆ చివర గురించి ఆలోచించాల్సిన పని లేదు.

సంగతి చెప్పుకుంటే రెండు ముక్కలే. తాండూరు నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది, ఒక పొర లేపితే దాని కింద ఇంకొకటి. మా గనికి నీళ్లు వచ్చేది అడుగున ఉన్న రెండు పొరల మధ్య సందులోంచి, ఆ సందు చివర ఊట ఉంది. డెబ్బై రెండులో వానలు మొహం చాటేస్తే చుట్టుపక్కల బావులన్నీ ఎండాయి, ఈ ఊట మాత్రం ఎండలేదు, అదీ మా పొగరు. ఈసారి ఉగాది వెళ్లిన నాలుగో రోజు లోపల ఒక పొర విరిగి, రాళ్ల ముక్కలు ఊట నోట్లో కూరుకుపోయాయి. అప్పట్నుంచి పంపు తోడిన కొద్దీ నీళ్లు దిగిపోవడమే గాని ఊరడం లేదు. ఇప్పుడు మిగిలింది ఏడు గజాల పొడుగు, మూడు గజాల వెడల్పు, పదిహేనడుగుల లోతు. మొత్తం తోడేసి, నడిచే లోపలికి పోయి రాళ్లు తీస్తే అయిపాయె గదా అన్నాడు మాతో బండలు కోసే బీరప్ప. తోడేసి అన్ని దినాలు ఏం తాగుతవ్‌ర, నీ చెమటనా, అని చంద్రవ్వ వాడి నోరు మూయించింది. సారు ఇంకో మాట కలిపాడు, ఆ పైబండను ఇప్పుడు నీళ్లే మోస్తున్నయి, నీళ్లు తీసిన్రంటే అది నెత్తిన కూసుంటది అని. గని యజమాని రాధాకిషన్ సేట్ చెడ్డవాడేమీ కాదు, తన ఇంటి నీళ్లు రెండుసార్లు ఎడ్లబండి మీద పంపాడు, కానీ ఆయనా చేతులెత్తేశాడు. రేపు పొద్దున లారీలు వస్తాయి, ఇళ్లల్లో మూటలు కట్టేశారు, అందరినీ సేడం దిక్కు గనికి పంపిస్తాడు, ఈ వారంలో చేరినవాళ్లకే అక్కడ పని. ఖుర్షీద్‌కు ఎనిమిదో నెల, నా భార్యకు. పోయినేడు ఒకసారి కడుపు పోయింది. లారీలో ఆ గతుకుల మీద యాభై మైళ్లు పోతే ఇది కూడా నిలవదని మంత్రసాని మొహం మీదే చెప్పింది. ఇక్కడ ఉండిపోతే నీళ్లుండవు, లారీ ఎక్కితే కడుపు నిలవదు. అందుకే నేను దిగుతున్నాను.

దిగడం కొత్త కాదు మాకు, ఊపిరి బిగబట్టి మా వాళ్లు పదిమంది దిగారు, నేనూ దిగాను, సందు మూతి దాకా వెళ్లి చెయ్యి పెట్టి చూసి వచ్చాను. ఎత్తు జానెడున్నర, లోపలికి రెండు నిలువుల దూరం. బిగబట్టిన ఊపిరితో పోవడమే అవుతుంది, పని చేయడం కాదు. గాలి వీపున కట్టుకుని పోదామంటే వీపు మీద సిలిండరున్న మనిషి జానెడున్నరలో పట్టడు. పక్కలకు కట్టుకుంటే పడతాడు. ఈ రాష్ట్రం మొత్తంలో పక్కలకు కట్టుకోవడం తెలిసినవాళ్లు ఇద్దరే, ఒకరు సారు, ఆయనకు ఊపిరితిత్తి సగం లేదు, రెండోవాణ్ని నేను. ఇది గొప్పకు చెప్పడం కాదు. సరే, కొంచెం గొప్పకే అనుకోండి.

ఇప్పుడు కుడిది. కుడిది అనేసరికి నా చెయ్యి ఇప్పటికీ దారి తప్పబోతుంది. మా తాత వలీ, దాదా అంటాం మేం, నిజాం జమానాలో ఇదే తాండూరు స్టేషన్లో భిష్తీ, తోలుతిత్తితో నీళ్లు మోసి ప్లాట్‌ఫారం మీద దుమ్ము లేవకుండా చల్లేవాడు. తిత్తి కుడి చంక కింద వేలాడేది, దాని మెడ ముందుకు, ఆ మెడ మీద ఎప్పుడూ ఆయన చెయ్యి. నొక్కిపట్టి, ఇంత వదిలి, మళ్లీ నొక్కేవాడు. మోసీ మోసీ మనిషి ఎడమకు ఒరిగిపోయాడు, మంచం మీద పడుకున్నా ఒరిగే ఉండేవాడు. నమాజుకు ముందు ఒక్క చెంబుతో కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకుని, అడుగున గుక్కెడు మిగిల్చి కోడిపిల్లలకు పోసేవాడు, మేం గ్లాసులో కొంచెం వదిలితే ఆ పూట మాతో మాట్లాడేవాడు కాదు. కుళాయిలొచ్చి తిత్తి పోయింది, మా అబ్బా గనిలోకి వచ్చాడు, ఆయన తర్వాత నేనూ వచ్చాను, ఆ నొక్కే చెయ్యి మాత్రం మా ఇంట్లోంచి పోలేదు. మొదటిసారి సారు కుడి సిలిండర్ నా చేతికిచ్చి కట్టుకోమంటే, నేను అడక్కుండానే పట్టీని ఎడమ భుజం మీదుగా వేసి, మెడను పైకి ఎత్తి, తిత్తిలాగే కట్టుకున్నాను. సారు చాలాసేపు చూసి, ఏంర, ప్లాట్‌ఫారం తడుపుతవా, అన్నాడు. ఆయనకు దాదా సంగతి అప్పటికి తెలియదు, స్టేషన్లో భిష్తీలను చూసినవాడు, నోటికొచ్చింది అన్నాడంతే, నేను మాత్రం ఆ రోజంతా సిగ్గుపడ్డాను. ఇప్పుడు చెయ్యి దారిలోనే ఉంది. ట్యూబు మెడకు, కొక్కెం కడియానికి, వాల్వు ముందుకు, ఎడమా కుడీ ఒకే ఎత్తులో. సారు వంగి రెండు చంకలూ చూసి, సిలిండర్లను ఒక్కోసారి తట్టాడు. ఆయన తట్టాడంటే బాగుందని.

ఆయన్ని కలిసింది అనంతగిరి గుట్ట మీది క్షయ ఆసుపత్రిలో, పోయిన దసరాకు ముందు. బండలు కోసేవాడు దగ్గితే చాలు ఎక్స్‌రేకు పంపుతారు, నన్నూ పంపారు, ఛాతీ అద్దంలా ఉందని ఫిలిం చేతిలో పెట్టి పొమ్మన్నారు. బెంచీ మీద పక్కన కూర్చున్న బక్కమనిషి ఆ ఫిలిం అడిగి తీసుకుని కిటికీ వెలుగుకు ఎత్తిపట్టాడు, పెళ్లిచీర బేరం చేసేవాళ్లు అంచు చూసినంతసేపు చూశాడు. "ఊపిరి ఎంతసేపు బిగపడ్తవ్?" అన్నాడు. రెండు నిమిషాలు దాటుత సారూ, అన్నాను, మెచ్చుకుంటాడని. "గదే నీ రోగం," అన్నాడు. పూడూరు మనిషి, నౌకాదళంలో కొచ్చిన్‌లో పద్దెనిమిదేళ్లు నీళ్లలో పని చేసి, ఊపిరితిత్తి చెడి, కుడి వైపు సగం కోయించుకుని ఇంటికొచ్చి, వికారాబాద్ స్టేషన్ దగ్గర సైకిల్ షాపు పెట్టుకున్నాడు. షాపులో పాత టైర్ల వెనక గోనెపట్టా కింద రెండు సిలిండర్లు, బొంబాయిలో ఓడల సామాను వేలంలో కొన్నవి, తాను దిగలేడు, అమ్మడానికి మనసొప్పదు. ఇంగ్లండ్‌లో కొండగుహల్లో పాకేవాళ్లు గాలిని పక్కలకు కట్టుకుంటారని ఏదో పత్రికలో బొమ్మ చూశాడట, ఆ ఒక్క బొమ్మ గుర్తుపెట్టుకుని సైకిల్ ట్యూబులూ, మిలిటరీ సంచుల పట్టీలూ, పరిగి సంతలో ఎడ్ల మెడపట్టీలకు అమ్మే ఇత్తడి కొక్కేలూ కలిపి ఈ సరంజామా కుట్టాడు. ఇంత కుట్టుకుని ఎవరికి తొడగాలో తెలియక కూర్చున్న మనిషికి నా ఎక్స్‌రే కనబడింది.

ఆదివారం ఆదివారం పొద్దున పాసింజరెక్కి వికారాబాద్‌లో దిగడం, షాపులో బల్ల మీద బోర్లా పడుకోవడం, మొదటి రెండు నెలల చదువు అంతే, చుక్క నీరు లేదు. రెండు పక్కలా సిలిండర్లు, నోట్లో రబ్బరు ముక్క, కళ్లకు తుండు. నోట్లో ఉన్నది ఎడమ గాలి, మెడ కింద వేలాడేది కుడి గాలి, గాలి కొలిచే గేజిలో ముల్లు ముప్ఫై తగ్గగానే ఇది వదిలి అది అందుకోవాలి, అది ముప్ఫై కాదు అరవై తాగాక మళ్లీ ఇది, అట్లా ఒకదాని వెంట ఒకటి, రెండూ సమానంగా దిగాలి, ఒకటి ఖాళీ చేసి రెండోది నిండుగా మిగుల్చుకున్నవాడు మూర్ఖుడు. మొత్తం గాలిలో ఒక వంతు పోవడానికి, ఒక వంతు రావడానికి, మూడో వంతు నీది కాదు, ముట్టొద్దు. పంక్చర్ వేయించుకోడానికి వచ్చిన ఒకాయన బల్ల మీద నన్ను చూసి చెప్పులు విడిచి, ఏం రోగం పాపం, అని అడిగాడు. "తొందర రోగం, మెల్లగ తగ్గుతది," అన్నాడు సారు, చేతిలో గాలిపంపు ఆపకుండానే. ప్రతి మనిషీ ఆ సిలిండర్లు చూసి ఆక్సిజనా అంటాడు, రైల్లో టీసీ కూడా అన్నాడు, కాదు, ఒట్టి గాలి, హైదరాబాద్‌లో దట్టించి నింపించిన మామూలు గాలి, ఆక్సిజన్‌తో లోతుకు పోతే ఫిట్స్ వచ్చి చస్తారు, చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది. ఇంత కష్టపడి గాలి మోసుకుని తిరిగేవాణ్ని నిన్నే చూసినా, అంది ఖుర్షీద్, బైట ఊకెనే దొరుకుతది గదా.

తప్పు జరిగింది నీళ్లలోనే, సంక్రాంతి దాటాక, పూడూరు దారిలో సారు వాళ్ల అన్న బావిలో. ఇరవై అడుగుల కింద రాయి పట్టుకుని కూర్చుని గాలి మార్చడం నేర్చుకుంటున్నాను. బాగానే ఉంది, బుడగలు మెరుస్తూ పైకి పోతున్నాయి, పోతున్న ఒక్కో బుడగను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటోంది, ఇంత గాలి వృథా అయిపోతోందే అని. అందుకని ఒకటి పీల్చి పట్టి ఉంచుతున్నాను, కొసరి కొసరి వదులుతున్నాను, అంతటితో ఆగకుండా వాడని పక్క వాల్వును నా వేళ్లు వాటంతటవే తిప్పి కట్టేశాయి, కారకుండా. తల దిమ్మెక్కుతున్నా తెలియలేదు. ముల్లు ముప్ఫై దిగగానే ఎడమది వదిలి కుడిది నోట పెట్టుకున్నాను, గొట్టంలో మిగిలిన సగం ఊపిరి వచ్చి ఆగిపోయింది, ఇంకోసారి పీలిస్తే ఇనుప గోడ. నాకు ఏదీ గుర్తు రాలేదు, ఎడమది మెడ కిందే ఉందని కూడా రాలేదు, రాయి వదిలేసి పైకి తన్నుకుంటూ వచ్చాను, ఛాతీలో నిండా ఊపిరుంటే పైకొచ్చేకొద్దీ అది ఉబ్బి ఊపిరితిత్తి పగిలేదే, అదీ లేదు కాబట్టి బతికాను. సారు నన్ను మెట్ల మీదికి లాగి, కుడి వాల్వు తిప్పి చూశాడు. కొడతాడనుకున్నాను. పక్కన కూర్చుని తన చొక్కా గుండీలు విప్పి, కుడి వైపు చంక కింద నుంచి వీపు దాకా పోయిన కుట్ల గీత చూపించాడు. "నాకు పీలుద్దమంటె లోపల జాగ లేదుర. నీకు రెండు నిండుగున్నయ్, పక్కన ఇంకో రెండు నిండుగున్నయ్. గివన్ని పెట్టుకోని గింత పిసినారి లెక్క పీలుస్తవేందిర? ఎవనికి దాస్తున్నవ్?" అప్పుడు చెప్పాను దాదా సంగతి. ఆయన నవ్వలేదు. నీళ్లు దాసుకుంటె ఉంటయ్, ఊపిరి దాసుకుంటె కుళ్లిపోతది, అన్నాడు. ఆ తర్వాత నెలరోజులు నన్ను నీళ్ల దగ్గరికే రానివ్వలేదు, బల్ల మీద పడుకోబెట్టి ఊరికే పీల్చమన్నాడు, వదలమన్నాడు, పీల్చమన్నాడు. రాత్రిళ్లు నిద్రలో కూడా నేను ఊపిరి బిగబడతానని ఖుర్షీద్ డొక్కలో మోచేత్తో పొడిచేది, ఆ నెల చివరికి పొడవడం మానేసింది.

ఎడమ గేజి నూట యాభై, కుడి గేజి నూట యాభై. ఇది పీల్చి చూశాను, వచ్చింది, అది పీల్చి చూశాను, వచ్చింది. మసకబారకుండా కళ్లద్దంలో ఉమ్మి రుద్ది కడిగాను. తేలిపోకుండా సీసం దిమ్మెల పట్టీ, చేతిలో మూరెడు గడ్డపార, నడుముకు తాడు. "పోయిరా," అన్నాడు సారు. ఆయన బెదరలేదు, నేనూ బెదరలేదు, నిజంగానే బెదరలేదు. నీళ్లలోకి దిగగానే ఇందాకటి బరువంతా ఎవరో ఎత్తుకున్నట్టు పోయింది, పైన జనం గోల పోయింది, నా బుడగల చప్పుడు తప్ప ఏమీ లేదు. పైపొర నీళ్లు ఎండకు గోరువెచ్చగా ఉన్నాయి, ముక్కు నొక్కి చెవులు వదులుచేసుకుంటూ కిందికి జారాను, పన్నెండడుగులు, పద్నాలుగు, ఇక నేల. సందు మూతి కనబడింది, నల్లటి అడ్డగీత. ఒకసారి గుంజాను తాడు. చంద్రవ్వ ఒకసారి గుంజింది, గట్టిగా, నడుము కదిలేలా.

తల దూరింది, భుజాలు దూరాయి, తర్వాత సిలిండర్లు రెండూ నాతో పాటు చప్పుడు లేకుండా దూరాయి, సారు ఎవరికోసం కుట్టాడో ఏమో గాని ఈ సందు కోసమే కుట్టినట్టు. వీపుకు పైబండ తగులుతోంది, పొట్టకు కిందబండ తగులుతోంది, నేను మధ్యలో. పొట్ట బండకు రాసుకుంటుంటే ఖుర్షీద్ పొట్ట గుర్తొచ్చింది, పోయిన శుక్రవారం నా చెయ్యి పట్టుకుని పెట్టుకుంది, చూడు, లోపల ఎంత గట్టిగ తంతుందో నీ బిడ్డ, అంది, మా దిక్కు బిడ్డంటే కూతురే, ఆడపిల్లే అని ఆమెకెట్లా తెలుసో, అక్కడా నీళ్లే కదా, ఆ పిల్ల కూడా నాలాగే ముడుచుకుని ఇరుకులో ఉంది, దానికి గొట్టం కట్టినవాడు నాకంటే, సారుకంటే పనిమంతుడు. మోచేతులతో పాకుతున్నాను. సుద్దమట్టి లేచింది, నీళ్లు మజ్జిగలా తెల్లబడి ఏమీ కనబడటం లేదు, కనబడాల్సిన అవసరం కూడా లేదు, తుండు కట్టుకున్న కళ్లతో ఇంతకంటే ఎక్కువ పని చేశాను నేను. చేతికి మొదటి రాయి తగిలింది. దాన్ని తీసి పక్క నుంచి వెనక్కి తోశాను. రెండోది. మూడోది. పలకలు పలకలుగా ఇరుక్కున్నాయి, గడ్డపార మొన దూర్చి తిప్పితే ఒక్కొక్కటీ పంటిలా ఊడి వస్తోంది. పదేళ్లుగా రాయిని పొర చూసి విడదీయడమే నా పని, ఏ మూల కొడితే ఎటు పగులుతుందో దానికీ నాకూ తెలుసు. గేజిని కళ్లద్దానికి ఆనించి చూస్తే ముల్లు నూట ఇరవై దగ్గర ఉంది. మార్చాలి.

ఎడమది వదిలి కుడిది నోట పెట్టుకున్నాను. సగం ఊపిరి వచ్చి ఆగిపోయింది. నాకు నవ్వొచ్చింది, ఒట్టు, రబ్బరు ముక్క చుట్టూ నవ్వొచ్చి కొన్ని నీళ్లు లోపలికి పోయాయి. మెట్టు దగ్గర పీల్చి చూసినప్పుడు వచ్చిందే, ఆ తర్వాత సందులో దూరేముందు ఏ క్షణంలోనో నా చెయ్యి వెళ్లి కట్టేసి వచ్చింది, నాకు చెప్పకుండా, నా అనుమతి లేకుండా, ముప్ఫై ఏళ్లు రైల్వే ప్లాట్‌ఫారం మీద తిరిగిన చెయ్యి. తల ఎత్తడానికి వీల్లేదు, ఎత్తితే బండ. తన్నుకుని పోవడానికి దారి లేదు. ఎడమది మెడ కిందే ఉంది, కావాలంటే అందుకోవచ్చు, అందుకోలేదు, తొందరేముంది. గడ్డపార కింద పెట్టాను. కుడి చెయ్యి చంక ముందుకు తెచ్చాను, వాల్వు చెవి దొరికింది, తిప్పాను, ఒక చుట్టు, రెండు, చివరిదాకా. దాదా, నీ నీళ్ల కోసమే వచ్చాను, గాలి మాత్రం వదలనీ, అని చెప్పాను ఆయనకు, కోపంగా కాదు. పీల్చాను. చల్లగా, దండిగా, ఛాతీ బండకు తగిలేదాకా వచ్చింది. ఇంకోసారి పీల్చాను. ఇంకోసారి. బుడగలు పైబండ అడుగున పాదరసంలా పరుగెడుతూ పోతున్నాయేమో, పోనీ, చూడలేదు, లెక్క పెట్టలేదు.

చివరి రాయి పెద్దది, రోలంత ఉంది, అడ్డంగా కూర్చుంది. దాన్ని బయటికి తేవడం జరగదు, తిప్పితే చాలు. గడ్డపారను కిందికి దూర్చి, ఒళ్లంతా దాని మీద వేశాను. కదల్లేదు. కుడి నుంచి ఎడమకు మారాను, ఊపిరి పీల్చి, మళ్లీ వేశాను. చేతికి ఏదో తెలిసింది, రాయి కదలడం కాదు, దానికంటే ముందు, వేళ్ల మధ్య ఒక చల్లటి పోగు. ఇంత వెచ్చటి నీళ్లలో దారమంత చలి. ఆ దారం వెంటే గడ్డపార పెట్టి తిప్పాను, రాయి మూలిగి పక్కకు దొర్లింది, చలి నా మొహాన్ని, మెడను, చంకలను ఒక్కసారిగా కొట్టి, నా పక్కల నుంచి బయటికి పోవడం మొదలుపెట్టింది. మజ్జిగ నీళ్లు కూడా నా వెనక్కే పోతున్నాయి. కాసేపటికి నా చెయ్యి నాకు కనబడింది. అక్కడే పడుకుని ఉండిపోయాను, వెనక్కి రావాలని తెలుసు, అయినా ఏడుపొచ్చింది, కళ్లద్దంలో ఏడిస్తే తుడుచుకునే వీలు లేదు, కాబట్టి కారనిచ్చాను. ముల్లు చూసుకున్నాను. మూడో వంతు ముట్టకూడదు. కాళ్లు ముందుగా, వెల్లకిలా కాదు బోర్లాగానే, వచ్చిన దారినే పాక్కుంటూ వెనక్కి వచ్చాను, మెల్లగా పైకి లేచాను, వదులుతూ, పీలుస్తూ.

మెట్టు పట్టుకుని తల బయటపెట్టేసరికి ఎండ కళ్లలో పడింది. పైన నలభై ఇళ్ల వాళ్లూ ముందుకు వంగి చూస్తున్నారు, వాళ్లకు కనబడుతున్నది సున్నం కలిపినట్టు తెల్లబడ్డ నీళ్లు తప్ప ఇంకేం లేదు, ఏమాయె, ఏమాయె అని బీరప్ప ఒక్కడే అరుస్తున్నాడు. సారు నా పక్కకు వచ్చాడు. వంగి ఎడమ గేజి చూశాడు, యాభై. కుడి గేజి చూశాడు, యాభై. మళ్లీ ఎడమది చూశాడు. "నిండ పీల్చినవ్‌ర," అన్నాడు. నేను జవాబు చెప్పబోతుంటే చంద్రవ్వ కసిరింది.

"జర సక్కగ కూసో, నా కాళ్ల మీదెందుకు ఎగజల్లుతున్నవ్ నీళ్లు?"

"నేను కదల్లేదు అవ్వా," అన్నాను.

చంద్రవ్వ కిందికి చూసుకుంది. పొద్దున పొడిగా ఉన్న మెట్టు మీద ఆమె పాదాలు చీలమండల దాకా నీళ్లలో ఉన్నాయి. తాడు చేతిలోంచి జారవిడిచి, లేచి, ఒక మెట్టు పైకెక్కి నిలబడి, గని మొత్తం దద్దరిల్లేలా పైకి అరిచింది, "మూటలిప్పుండ్రి! అందరు మూటలిప్పుండ్రి!" ఆ మాట అంచు మీద ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది, జనం ఇళ్ల వైపు ఉరికారు. సారు నా ఎడమ కొక్కెం విప్పుతూ, నువ్వు గూడ పోర, మీ ఇంట్ల గూడ జెప్పు, అన్నాడు. నేను సిలిండర్ల మధ్య అట్లాగే కూర్చుండిపోయాను. మా ఇంట్లో విప్పడానికి మూట లేదు, ఖుర్షీద్ అసలు కట్టనే లేదు.